నూరు చుట్లు - తీమార్‌దార్ల కోసం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతుల్ని. ఇరవై ఏళ్లుగా అలిఫ్, బే నేర్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. ఈసారి తెలుగులోనే మాట్లాడాలని, అది సావనీరులో అచ్చవుతుందని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నా తెలుగులో పొరపాట్లుంటే, పిల్లల ఇమ్లా పుస్తకంలో నేను గీసే ఎర్రగీతలు తలచుకుని నా మీద పగ తీర్చుకోవద్దని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

పంతుల్ని గనక ఒక చిన్న లెక్కతో మొదలుపెడతాను. పిల్లలూ, వినండి. ఒక పెద్దమనిషి ఇంటి దొడ్లో బాట పొడవు 25 మీటర్లు. దాన్ని ఆయన నూరుసార్లు నడిచాడు. మొత్తం ఎంత దూరం? 2,500 మీటర్లు. అంటే రెండున్నర కిలోమీటర్లు. మనలో చాలామంది పొద్దున్నే పాలప్యాకెట్టు కోసం, రొట్టె కోసం తిరిగే తిరుగుడు అంత వుంటుంది. అంతమాత్రం దూరానికి లోకమంతా ఎందుకు నిలబడి చూసింది? అది చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

ఆ పెద్దమనిషి పేరు టామ్ మూర్. ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతంలోని కీత్లీ అనే ఊళ్లో 1920 ఏప్రిల్ 30న పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా మన దేశానికి వచ్చాడు. ఇక్కణ్ణుంచి బర్మా వైపు అరకాన్ యుద్ధరంగానికి వెళ్లాడు. 2018లో పడిపోయి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో నర్సులు, డాక్టర్లు తనను చూసుకున్న తీరు ఆయన మర్చిపోలేదు. ఆ తర్వాత చక్రాల ఊతబండి పట్టుకుని నడిచేవాడు.

2020 ఏప్రిల్ నెల మీకందరికీ జ్ఞాపకమే. మన మసీదుల తలుపులు మూసివున్నాయి. బళ్లు మూసివున్నాయి. బ్రిటన్‌లోనూ అదే పరిస్థితి. అప్పుడాయన తన నూరవ పుట్టినరోజు లోపల దొడ్లో నూరు చుట్లు నడుస్తానని, దానికి ప్రజలు ఇచ్చే సొమ్ము ప్రభుత్వ ఆసుపత్రుల సిబ్బంది క్షేమానికి పనిచేసే ధర్మసంస్థలకు ఇస్తానని చెప్పాడు. ఆ సంస్థల సమాఖ్యకు ఎన్.హెచ్.ఎస్. చారిటీస్ టుగెదర్ అని పేరు. ఆయన అడిగింది 1,000 పౌండ్లు. రోజుకు పది చుట్లు అనుకున్నాడు. ఏప్రిల్ 16న నూరో చుట్టు పూర్తయ్యింది. యార్క్‌షైర్ రెజిమెంటు సైనికులు బాటకు అటూ ఇటూ నిలబడి గౌరవవందనం చేశారు. పుట్టినరోజు ముగిసేసరికి వచ్చింది 3 కోట్ల 27 లక్షల పౌండ్లకు పైన. అప్పటి మారకంలో మన లెక్కకు 300 కోట్ల రూపాయల పైమాటే. ఇచ్చినవాళ్లు 15 లక్షలమందికి మించి వున్నారు.

ఇప్పుడు రెండో పెద్దమనిషిని గురించి. ఈయన పేరు మనవాళ్లలో ఎక్కువమందికి తెలియదు, తెలియాలి. జనాబ్ దబీరుల్ ఇస్లాం చౌధురీ. ఆయన కూడా 1920లోనే పుట్టాడు. పుట్టింది సిల్హెట్‌లో. అప్పుడది అవిభక్త భారతదేశంలో అస్సాం రాష్ట్రంలో వుండేది, ఇప్పుడు బంగ్లాదేశ్. 1957లో ఇంగ్లీషు సాహిత్యం చదువుకోవాలని లండన్ వెళ్లి, ఆ దేశంలోనే స్థిరపడ్డాడు. చూడండి, ఒకే ఏడు పుట్టిన ఇద్దరిలో ఒకడు అక్కణ్ణుంచి మనవైపు వచ్చాడు, ఇంకొకడు మనవైపునుంచి అక్కడికి వెళ్లాడు. నూరేళ్ల వయసులో ఇద్దరూ ఒకే పని చేశారు.

టామ్ మూర్ సంగతి విని చౌధురీ సాహెబ్ 2020 ఏప్రిల్ చివరి వారంలో, రంజాన్ ఉపవాసాలతోనే, సెంట్ ఆల్బన్స్‌లో తన ఇంటి దగ్గర తోటలో నడక మొదలుపెట్టాడు. తోట చుట్టూ 80 మీటర్లు. ఆయన కూడా నూరు చుట్లు అనుకున్నాడు, ఆయన అడిగింది కూడా 1,000 పౌండ్లే. కాని నూరుతో ఆగలేదు. రంజాన్ అంతా నడుస్తూనే వున్నాడు. మొత్తం 970 చుట్లు. పిల్లలూ, గుణించండి: 77 కిలోమీటర్లకు పైనే. నూరేళ్ల మనిషి, గొంతులో నీటిచుక్క లేకుండా! వచ్చిన సొమ్ము 4 లక్షల 20 వేల పౌండ్లకు పైగా. అందులో 1 లక్షా 16 వేల పౌండ్లు ఆసుపత్రుల సేవకు, మిగతాది అనేక దేశాల్లో కరోనావల్ల అన్నం కరువైనవాళ్లకు చేరింది.

ఈ కథలు ఎందుకు చెప్తున్నానంటే, దానం చెయ్యమని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. రోగికి దానం చేస్తాం. అనాథకు, వితంతువుకు, పేద విద్యార్థికి ఇస్తాం. ఈ సంఘమే ఆ పని ఏళ్ల తరబడి చేస్తూ వుంది. కాని రోగి మంచం పక్కన నిలబడ్డ మనిషికి ఏం కావాలని మనం ఎప్పుడైనా అడిగామా?

ఉర్దూలో ఒక మాట వుంది: తీమార్‌దార్. రోగికి సేవచేసే మనిషి అని అర్థం. పిల్లలకు ఈ మాట చెప్తూ ఏళ్లు గడిపాను గాని, లోపల ఏముందో చూడలేదు. ఇది ఫారసీనుంచి వచ్చిన మాట. 'తీమార్' అంటే సేవ, జాగ్రత్త. దానికే ఇంకొక అర్థం దుఃఖం, చింత. 'దార్' అంటే కలిగినవాడు, మోసేవాడు. సేవ చేసేవాడని మనం పిలుస్తున్న మనిషిని ఆ మాట దుఃఖం మోసేవాడని కూడా పిలుస్తున్నదన్నమాట. ఫారసీలో మనోవ్యాధుల ఆసుపత్రికి 'తీమారిస్తాన్' అని పేరు. పాతకాలపు జనానికి ఈ రెండూ దగ్గరి చుట్టాలని తెలుసు. మనం మర్చిపోయాం.

ఎంతగా మర్చిపోయామో చెప్తాను. 2020 మార్చి 22న సాయంత్రం అయిదు గంటలకు దేశమంతా గడపల్లో నిలబడి డాక్టర్లకు, నర్సులకు చప్పట్లు కొట్టాం, పళ్లాలు మోగించాం. నేనూ మోగించాను. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 22న, అదే డాక్టర్లను, నర్సులను కొట్టేవాళ్లకు జైలుశిక్ష వెయ్యడానికి కేంద్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది. సెప్టెంబరులో అది చట్టమయ్యింది. చప్పట్లకూ చట్టానికీ మధ్య ఒక్క నెల. ఆ నెలలో అద్దె ఇళ్లు ఖాళీ చెయ్యమన్నారు, దారులు మళ్లారు, అంబులెన్సుల మీద రాళ్లు వేశారు. అన్ని కులాలవాళ్లు, అన్ని మతాలవాళ్లు చేశారు. ఇది ఒకరి తప్పు కాదు, అందరి తప్పు.

2020 సంవత్సరాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుగానే నర్సుల సంవత్సరంగా ప్రకటించి వుంది, ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టి 200 ఏళ్లయిన సందర్భంగా. ఆ సంస్థే తర్వాత వేసిన అంచనా వినండి. 2020 జనవరికి, 2021 మేకి మధ్య ప్రపంచంలో కరోనావల్ల చనిపోయిన ఆరోగ్య సిబ్బంది 80 వేలకూ 1 లక్షా 80 వేలకూ మధ్య వుంటారట. ఇది శరీరంతో పోయినవాళ్ల లెక్క. శరీరం మిగిలి, లోపల ఏదో పోయినవాళ్ల లెక్క ఎవరు రాస్తారు?

మా ఇంట్లోనే ఒక లెక్క వుంది. అది చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. మా చెల్లెలి అనుమతి తీసుకునే చెప్తున్నాను.

మా నాయన పోయినప్పుడు చెల్లెలు పదో తరగతి. నర్సింగు చదువుతానంది. మన బంధువుల్లో కొందరు "ఆడపిల్లకు ఆ రాత్రి డ్యూటీలేమిటి?" అన్నారు. నేను నిలబడి చదివించాను. ఇప్పుడు వేరే జిల్లాలో ఒక పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. అది నా జీవితంలో చేసిన మంచిపనుల్లో ఒకటని నాకు కొంచెం గర్వం కూడా వుండేది.

2021 మే నెలలో రెండో అల వచ్చినప్పుడు ఆమె వార్డులో వుంది. ఆ మందపాటి గౌను, రెండు మాస్కులు, కళ్లద్దాలు వేసుకుంటే గంటల తరబడి మంచినీళ్లు తాగడానికి లేదు, మరుగుకు వెళ్లడానికి లేదు. అది అందరికీ తెలిసిన కష్టం. ఆమె ఫోనులో ఆ కష్టం చెప్పేది, నవ్వేది కూడా. జూన్ తర్వాత నవ్వడం మానేసింది. సెలవు పెట్టి ఇంటికి వచ్చినప్పుడు చూశాను. తిండి లేదు. నిద్ర లేదు. అర్ధరాత్రి లేచి చేతులు కడుక్కునేది. ఎవరి సెల్‌ఫోను మోగినా ఉలిక్కిపడి గది బయటికి వెళ్లేది. మా అమ్మ దిష్టి అనుకుంది. నేను చదువుకున్నవాణ్ణి గదా, నేనేమన్నానో తెలుసా? "సబ్ర్ చెయ్యమ్మా. నీది గొప్ప ఖిద్మత్. దీనికి పుణ్యం వుంటుంది," అన్నాను.

మాట తప్పు కాదు. చెప్పిన వేళ తప్పు. ఆమె నోరు తెరవబోతే, ఒక మంచిమాటతో ఆ నోరు మూసేశాను. సబ్ర్ అంటే ఓర్పు. ఖామోషీ అంటే మౌనం. పాతికమంది పిల్లలకు ఈ రెండు మాటల తేడా బోర్డు మీద రాసి చెప్పే నేను, ఇంట్లో ఒక్క మనిషి దగ్గర ఆ తేడా కనిపెట్టలేకపోయాను. ఆమె రెండేళ్లు సబ్ర్ చేస్తూంది అనుకున్నాను. ఆమె చేస్తున్నది ఖామోషీ.

2023లో ఉద్యోగానికి రాజీనామా కాగితం రాసి బ్యాగులో పెట్టుకు తిరిగింది. ఆ కాగితాన్ని చూసింది నేను కాదు, ఆమెతో పనిచేసే ఒక సీనియరు సిస్టరు. ఆ తల్లి చెయ్యిపట్టుకుని ఒక మనోవైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లింది. మందులు కొన్నాళ్లు, మాటలు చాలారోజులు. ఈరోజు మా చెల్లెలు ఉద్యోగంలోనే వుంది. ఆమెను కాపాడింది నా ఉపదేశం కాదు. ఇంకో అలసిన మనిషి కనిపెట్టడం కాపాడింది.

ఈ జబ్బు ఒక్కరిది కాదు. న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి పెద్ద, డాక్టర్ లోర్నా బ్రీన్. 49 ఏళ్లు. తానే కరోనా తగిలి లేచి, మళ్లీ డ్యూటీకి వెళ్లింది. చౌధురీ సాహెబ్ తోటలో నడక మొదలుపెట్టిన ఆ వారంలోనే, 2020 ఏప్రిల్ 26న, ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. మనస్సు బాగాలేదని చెప్తే డాక్టరు పని పోతుందేమోనని ఆమె భయపడిందని ఆమె కుటుంబంవాళ్లు తర్వాత చెప్పారు. వాళ్ల ప్రయత్నంవల్ల 2022 మార్చిలో అమెరికాలో ఆమె పేరుతోనే, ఆరోగ్య సిబ్బంది మానసిక క్షేమం కోసం, ఒక చట్టం వచ్చింది. డాక్టరుకే అంత భయముంటే నర్సుకెంత, ఆయాకెంత, శవాన్ని మోసే వార్డుబాయ్‌కెంత?

పని ఒత్తిడితో మనిషి లోపల ఖాళీ అయిపోవడాన్ని బర్నౌట్ అంటారు. దీపంలో నూనె అయిపోయి ఒత్తి కాలడం చూశారుగదా, అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వర్గీకరణలో దీనికి మూడు గుర్తులు చెప్పింది. ఒకటి, సత్తువంతా హరించుకుపోవడం. రెండు, చేసే పని మీద విరక్తి, దూరం. మూడు, నేను చేసేది దేనికీ పనికిరాదనే భావం. ఇది రోగం కాదని, పనివల్ల కలిగే స్థితి అని కూడా ఆ సంస్థే చెప్పింది. అంటే తప్పు మనిషిలో లేదు, పని బరువులో వుంది. బరువు దించకుండా మనిషిని మాత్రం గట్టిపడమనడం న్యాయం కాదు. ఇక్కడ ఇంకో సంగతి. మనం ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒక నర్సు చిరాకుపడితే "దీనికి పొగరు" అంటాం. అది పొగరు కాకపోవచ్చు. ఆ రెండో గుర్తు కావచ్చు.

ఇక నా నడక సంగతి. నేను టామ్ మూర్‌నూ కాను, చౌధురీ సాహెబ్‌నూ కాను. నలభై ఏడేళ్లకే షుగరు, ఎడమ మోకాలు నొప్పి. అయినా పోయిన డిసెంబరులో ఒక ఆదివారం, హెడ్మాస్టరుగారి అనుమతితో, మా స్కూలు గ్రౌండు నూరు చుట్లు ఒక్క రోజులో నడుస్తానని చెప్పాను. ఎనిమిదో తరగతి పిల్లలు టేపుతో కొలిచారు. చుట్టుకు 180 మీటర్లు. నూరు చుట్లకు 18 కిలోమీటర్లు. చుట్టుకు రూపాయి మొదలు అయిదు రూపాయలవరకు, ఎవరి శక్తికొద్దీ వాళ్లు ఇవ్వాలని అడిగాను. డాక్టరుకు చూపించుకున్నాను. వద్దనలేదు. "ఆగి ఆగి నడవండి, తింటూ నడవండి," అన్నాడు. మీరెవరైనా ఇలాంటి పని తలపెడితే మొదట ఆ పని చెయ్యండి. పంతం వేరు, బుద్ధి వేరు.

ఫజ్ర్ నమాజు అయ్యాక మొదలుపెట్టాను. ఇరవై చుట్లు పరుగులాంటి నడక. పిల్లలు సుద్దముక్కతో గోడమీద గీతలు గీస్తున్నారు. నలభై దగ్గర కాళ్లు బరువెక్కాయి. జొహర్‌కు ఆగి, రెండు రొట్టెలు తిని లేచేసరికి మోకాలు పట్టేసింది. అరవై మూడో చుట్టులో కూలబడ్డాను. నిజం చెప్తున్నాను, చాలు, ఇంటికి పోదాం అనిపించింది. ఎవరడుగుతారు? నేనే పెట్టుకున్న పందెం. అప్పుడు తట్టింది: నేను లేచి ఇంటికి పోవచ్చు. ఆ మే నెలలో వార్డులో వున్న పిల్ల అలా లేచిపోలేకపోయింది. పన్నెండో గంటలో కూడా "చాలు" అనడానికి ఆమెకు హక్కు లేదు. నా కష్టానికీ ఆమె కష్టానికీ పోలికే లేదని కూలబడినప్పుడు తెలిసింది. లేచాను.

డెబ్భై చుట్లు దాటాక గేటు దగ్గర ఆటో ఆగింది. మా చెల్లెలు. రాత్రి డ్యూటీ దిగి, బస్సెక్కి నేరుగా వచ్చింది. చెప్పులు విడిచి నా పక్కన నడవడం మొదలుపెట్టింది. రెండు చుట్లు ఏం మాట్లాడలేదు. మూడో చుట్టులో, నా మొహం చూడకుండా, నేల చూస్తూ చెప్పింది:

"భాయ్‌జాన్, ఆ రోజుల్లో పేషెంటు పోయాక వాళ్ల సామాను సంచీలో కట్టి పేరు రాసేవాళ్లం. ఫోను కూడా అందులోనే. సంచీలోంచి ఫోను మోగేది. 'అమ్మీ' అనో 'ఇల్లు' అనో పేరు కనిపించేది. ఎత్తితే నేనే చెప్పాలి. ఎత్తకపోతే అది మోగుతూనే వుంటుంది. ఒకరోజు నేను ఎత్తలేదు. అది ఇంకా మోగుతూనే వుంది."

నాలుగేళ్లు గడిచాక నాకు ఆ మాట చెప్పింది. ఈసారి నేను సబ్ర్ అనలేదు. ఏమీ అనలేదు. పక్కన నడిచాను. ఎదురెదురుగా కూర్చుని అడిగితే రాని మాట, పక్కపక్కన నడిస్తే వచ్చింది. వందో చుట్టు ఇద్దరం కలిసి పూర్తిచేశాం. మగ్రిబ్ అజాన్‌కు ఇంకా కొంచెం టైముంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చెల్లెలు వాళ్లను చూసి, "చప్పట్లు చాల్లే, నీళ్లు తెండి," అంది. అప్పుడు నవ్వింది.

అయ్యలారా, ఇప్పుడు హిసాబు. 61 మంది ఇచ్చారు. మొత్తం 27,350 రూపాయలు. అన్నిటికంటే పెద్దది 5,000. అన్నిటికంటే చిన్నది పది రూపాయలు, ఒక ఆసుపత్రి ఆయా ఇచ్చింది. వద్దన్నా వినలేదు. నీళ్లు, అరటిపళ్ల ఖర్చు నాది, ఈ సొమ్ములోనిది కాదు. పేర్ల పుస్తకం, బ్యాంకు చీటీ కార్యదర్శిగారికి అప్పగించాను. ఎవరైనా అడిగి చూడవచ్చు. అడగాలి కూడా.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, టామ్ మూర్ కథకు తోక ఒకటుంది. ఆయన నడిచి తెచ్చిన సొమ్ము చేరవలసిన ధర్మసంస్థలకే చేరింది. సిబ్బందికి విశ్రాంతి గదులు, మనస్సు విప్పి మాట్లాడుకునే ఏర్పాట్లు, సలహా ఇచ్చేవాళ్లు, ఇలాంటివాటికి ఆ సంస్థలు ఖర్చుపెట్టాయి. ఆయనకు 2020 జూలైలో రాణి సర్ బిరుదునిచ్చింది. 2021 ఫిబ్రవరి 2న కరోనాతోనే కన్నుమూశాడు. కాని ఆయన పేరుతో కుటుంబంవాళ్లు విడిగా పెట్టిన ఫౌండేషన్ మీద ధర్మసంస్థల కమిషన్ 2022లో విచారణ పెట్టింది. స్వంత లాభమూ సంస్థ వ్యవహారమూ కలగలిపి, మళ్లీ మళ్లీ ప్రయోజనం పొందారని 2024 నవంబరులో తప్పుపట్టింది. నూరేళ్ల ముసలాయన చుట్టు చుట్టుకూ సంపాదించిన పేరు మీద, ఆయన పోయాక మచ్చ పడింది. ప్రజల సొమ్ము అమానతు. అమానతుకు కాళ్లతో పాటు కలం కూడా నడవాలి.

నడక అయ్యాక కొందరు పెద్దలు నన్ను నిలేసి అడిగారు. వారి ప్రశ్నలు న్యాయమైనవే. జవాబు చెప్పుకోవడం నా బాధ్యత.

ఒకరన్నారు: "మాస్టారూ, మన పిల్లలకు ఫీజులే కట్టలేకపోతున్నాం. జీతాలున్న నర్సులకు మన డబ్బెందుకు?" అయ్యా, జీతం పనికి ఇస్తారు, ఆ ఫోను మోతకు ఇవ్వరు. పైగా నర్సులందరికీ మంచి జీతాలున్నాయనుకోవడం కూడా పొరపాటు. ప్రైవేటు నర్సింగ్‌హోముల్లో మన పేటల ఆడపిల్లలు ఎంతకు చేస్తున్నారో ఇక్కడున్న తల్లులకు తెలుసు. అయినా ఫీజుల నిధిలోంచి ఒక్క రూపాయి అడగడంలేదు. జకాత్ జోలికి అసలే పోవడంలేదు. దాని హక్కుదార్లు వేరు, దాని లెక్క వేరు. ఇది నడిచి తెచ్చే సొమ్ము. దీని పుస్తకం విడిగా వుండాలి.

ఇంకొకరన్నారు: "ఇది ప్రభుత్వం చెయ్యాల్సిన పనిగదా?" నిజమే. వార్డుకు సరిపడా నర్సులను వెయ్యడం, డ్యూటీ గంటలు తగ్గించడం, రాత్రివేళ కాపలా పెట్టడం ప్రభుత్వం, యాజమాన్యాలు చెయ్యాలి. మనం అడగాలి. మన 27 వేలతో ఆ పని కాదు. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలిమానస్ అని ఫోను సహాయం పెట్టింది. నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఈ నంబరు నర్సులకే కాదు, మనకందరికీ. సావనీరు ఇంటికి తీసుకువెళ్లి ఈ పేజీ దాచుకోండి. కాని ఫోను ఎత్తడానికి ముందు ఒక మనిషికి ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇల్లు ఇవ్వాలి, పేట ఇవ్వాలి. అది ఏ ప్రభుత్వమూ జీవో మీద ఇవ్వలేదు.

మూడోవారు మెల్లగా చెవిలో అన్నారు: "పెళ్లికావలసిన పిల్లలుంటారు. పిచ్చిడాక్టరు దగ్గరికి వెళ్లారని తెలిస్తే సంబంధాలు వస్తాయా?" అసలు జబ్బు ఇక్కడే వుంది. మా చెల్లెలు రెండేళ్లు నోరు మూసుకున్నది ఈ ఒక్క మాటకు భయపడే. షుగరుకు మాత్ర వేసుకునే నన్ను ఎవరూ వెలివేయలేదు. మనస్సుకు మాత్ర వేసుకునే పిల్లను ఎందుకు వెలివేయాలి? అల్లుణ్ణి వెతికేవాళ్లు, కోడల్ని వెతికేవాళ్లు అందరూ ఈ పందిట్లోనే వున్నారు. మనం మారితే సంబంధాలు వాటంతట అవే మారతాయి.

ఇక నా మనవి. మూడే మూడు సంగతులు.

మొదటిది: మన సంఘ భవనంలో వెనకగది నెలకు ఒక ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఇవ్వండి. నర్సులు, ఆయాలు, ఆశా కార్యకర్తలు, అంబులెన్సు డ్రైవర్లు, వార్డుల్లో ఊడ్చేవాళ్లు, ఏ మతంవాళ్లయినా రావచ్చు. టీ వుంటుంది. తలుపు వుంటుంది. రిజిస్టరు వుండదు. అక్కడ చెప్పిన మాట అక్కడే వుంటుంది. నెలనెలా శిక్షణ వున్న ఒక కౌన్సిలరును పిలిపించి, వారి ఫీజు ఈ నడక సొమ్ములోంచి ఇద్దాం. ఉపదేశాలు చెయ్యడానికి మనమెవరమూ లోపలికి పోవద్దు, ముఖ్యంగా నేను.

రెండవది: వచ్చే డిసెంబరులో ఒక్కణ్ణే నడవను. మీరూ రండి. నూరు చుట్లు ఒక్కరే నడవక్కర్లేదు. పది మంది తలా పది చుట్లు నడిస్తే నూరే. ముసలివాళ్లు ఒక చుట్టు నడవండి. తల్లులకు పొద్దుటి వేళ విడిగా ఇస్తామని హెడ్మాస్టరుగారు మాటిచ్చారు. డ్యూటీ దిగిన నర్సు ఎవరైనా వస్తే, ఆమె పక్కన నడవండి. ఏమీ అడక్కండి. చెప్తే వినండి.

మూడవది, దీనికి డబ్బు అక్కర్లేదు. ఈ రాత్రి ఇంటికి వెళ్లాక, మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఆసుపత్రిలో పనిచేసే మనిషి వుంటే, "ఎంతమందిని చూశావు?" అని అడక్కుండా "నువ్వెలా వున్నావు?" అని అడగండి. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగండి. ఆగడం కష్టం. పద్దెనిమిది కిలోమీటర్లు నడిచి చెప్తున్నాను, నడక కంటే అదే కష్టం.

టామ్ మూర్ నడిచింది రెండున్నర కిలోమీటర్లే. లోకం చూసింది దూరాన్ని కాదు. నాకు సేవచేసినవాళ్లకు నేనేమివ్వాలి అని ఒక ముసలాయన అడిగిన ప్రశ్నను చూసింది. ఆ ప్రశ్న మన గ్రౌండులో కూడా వేసుకోవచ్చు. చుట్టుకు 180 మీటర్లు, అంతే.

 తలుపు దగ్గర మా ఎనిమిదో తరగతి పిల్లలు పుస్తకం పట్టుకుని నిలబడ్డారు. వచ్చే డిసెంబరుకు ఎన్ని చుట్లో అందులో రాసి, సంతకం పెట్టి, ఆ తర్వాతే బిర్యానీకి వెళ్లవలసిందిగా ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.

ఖుదా హాఫిజ్.